నిషి కసాయ్‌లో మా కాపురం

టోక్యో నగరపు తూర్పు భాగాన, ఎదోగావా వార్డులోని నిషి కసాయ్‌లో మేము ఉంటున్నాము. తోజాయ్ మార్గంలో రైలెక్కితే నగరం నడిబొడ్డున ఉన్న ఓతెమాచికి మారకుండా చేరవచ్చు కాబట్టి భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎందరో ఇక్కడ స్థిరపడ్డారు. కందిపప్పుకూ ఇంగువకూ దూరం వెళ్ళవలసిన పని లేదు.

ఇంటిపనిలో అన్నిటికన్నా క్రమశిక్షణ కోరేది చెత్త. కాలేది, కాలనిది, సీసాలు, పాత పత్రికలు వేటికవి విడదీసి, వాటికి కేటాయించిన రోజున ఉదయం 8 గంటలలోపు బయట పెట్టి, కాకులు చింపకుండా పైన వల కప్పాలి. బడిలో మధ్యాహ్న భోజనాన్ని పిల్లలే తెల్లని పైవస్త్రం ధరించి తోటివారికి వడ్డిస్తారు. మా అమ్మాయి శాకాహారి కావడంతో అనుమతి తీసుకొని ఇంటి నుండే డబ్బా పంపుతున్నాము, అయినా వడ్డన వంతు మాత్రం తనకూ వస్తుంది. ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

సెలవు రోజుల్లో మాకు ఇష్టమైన చోటు కామాకురా పట్టణం. టోక్యో స్టేషన్ నుండి యోకోసుకా మార్గంలో సుమారు గంట ప్రయాణం. అక్కడి నుండి 1902లో మొదలైన ఎనోదెన్ అనే చిన్న రైలు ఇళ్ళ పెరటి గోడలను రాసుకుంటున్నట్టుగా సాగి హాసె స్టేషన్‌కు చేరుస్తుంది. దానికి దగ్గరలోని కోతొకు ఇన్ ఆలయంలో 11 మీటర్లకు పైగా ఎత్తున్న కంచు బుద్ధుడు, ఒకప్పటి మందిరం పోయినందువల్ల, శతాబ్దాలుగా ఆరుబయటే కూర్చొని ఉన్నాడు. విగ్రహం లోపల బోలుగా ఉంటుంది, అందులోకి దిగి చూడవచ్చు. పిల్లలకు బయటి దర్శనం కన్నా ఆ చీకటి గది మీదే మక్కువ. జూన్‌లో హైడ్రేంజియా పూల కోసం జనం విరగబడతారు కాబట్టి, చంటిబిడ్డ బండితో వెళ్ళేవారు ఆ నెలలో వారాంతాలను మానుకోవడం మేలు.