బెకెంట్రీలో ఒక గోడ

లండన్‌లో పన్నెండు రోజులున్నాను. అందరూ చూసేవన్నీ చూశాను, ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. ఇక్కడ రాయాలనిపించింది మాత్రం మా మేనల్లుడి గది గోడ గురించి.

వాడుండేది తూర్పు లండన్‌లో, బెకెంట్రీలో. డిస్ట్రిక్ట్ లైన్‌లో కూర్చుని కూర్చుని నడుం పట్టేశాక వచ్చే స్టేషన్. దిగి నడుస్తుంటే వీధి తర్వాత వీధి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు. "ఇది హౌసింగ్ బోర్డు కాలనీలా ఉందేంట్రా" అన్నాను. నిజంగానే అంతేనట. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు మంచి ఇళ్లిస్తామని మాటిచ్చి 1919లో చట్టం చేశారు. ఆ ఊపులో లండన్ కౌంటీ కౌన్సిల్ (అప్పటి నగర పాలక సంస్థ) 1921 నుంచి పదిహేనేళ్లలోపు ఇక్కడ 25 వేలకు పైగా ఇళ్లు కట్టింది. ఇరుకు వాడల్లో పదిమందికో దొడ్డి వాడుకున్న జనానికి ఇంట్లోనే మరుగుదొడ్డి, వెనకాల తోట!

మావాడి గది అద్దె 700 పౌండ్లు. మూడు బెడ్‌రూముల ఇల్లు, హాలుకి తలుపు బిగించి నాలుగోది చేశారు. నలుగురూ మన తెలుగు పిల్లలే. వంటింట్లో కుక్కర్లు నాలుగు, స్టవ్ ఒకటి. మావాడి మంచం వెనక గోడంతా చెమ్మ, నల్లటి బూజు. శనివారం బ్లీచ్ స్ప్రే కొట్టి తుడుస్తాడు, గురువారానికి మళ్లీ తయారు. ఓనర్‌కి చెబితే 'కిటికీలు తీసి ఉంచండి' అని మెసేజ్ పెట్టాడట. మార్చి చలిలో!

పక్కింటావిడకి ఎనభై దాటాయి. కంచె మొక్కలు కత్తిరిస్తూ పలకరించింది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. ఇప్పటికీ అద్దె కట్టేది కౌన్సిల్‌కే, అంటే ఇక్కడి మున్సిపాలిటీకే. వారానికి ఎంతో చెప్తే నేను నెలకి లెక్కేసుకున్నాను: ఇల్లు మొత్తానికీ 550 లోపే. మా పిల్లలు నలుగురూ కలిపి కట్టేది 2,800. రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే.

తేడా 1980లో వచ్చింది. థాచర్ ప్రభుత్వం, మూడేళ్లు అద్దెకున్న వాళ్లెవరైనా తమ కౌన్సిల్ ఇల్లు కొనుక్కోవచ్చంది. ధరలో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపు. ఇంగ్లండ్ మొత్తం మీద 20 లక్షల దాకా ఇళ్లు అలా అమ్ముడయ్యాయి. మా పిల్లలున్న ఇల్లూ అందులోదే, చేతులు మారి మారి ఇప్పటి ఓనర్‌కి వచ్చింది. "మరి మీరెందుకు కొనలేదు?" అనడిగాను. "మా ఆయన ఫోర్డ్ ఫ్యాక్టరీలో చేసేవాడు. ఇల్లెక్కడికి పోతుందని కొత్త కార్టీనా కొన్నాడు" అంది. కారు ఎప్పుడో తుక్కయింది, ఆయనా పోయాడు.

మా ఊళ్లో ఎన్టీఆర్ హయాంలో కాలనీ వేసి, అమ్మకూడదని పట్టాలిచ్చారు. జనం తెల్లకాగితాల మీద అమ్మేశారు. ఇక్కడ ప్రభుత్వమే పిలిచి అమ్మింది. అమ్మిన వాటికి సరిపడా మళ్లీ కట్టలేదు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 13 లక్షలకు పైగా కుటుంబాలు కౌన్సిల్ ఇంటి కోసం వరసలో ఉన్నాయి. 2006లో ఇక్కడి కౌన్సిల్ ఎన్నికల్లో, వలస వచ్చినవాళ్లంటే పడని బీఎన్‌పీ (బ్రిటిష్ నేషనల్ పార్టీ) 12 సీట్లు గెలిచింది. ఇళ్లన్నీ బయటివాళ్లకే పోతున్నాయన్నది అప్పటి ప్రచారం. 2010లో మళ్లీ ఒక్క సీటూ రాలేదనుకోండి. ఆ బూజు గోడకి 700 కట్టేవాణ్ణి చూసి అసూయపడేదేముందో!

ఆవిడ "శనివారం కౌన్సిలర్ సర్జరీ ఉంది, వస్తావా?" అంటే నాకు గుండె ఝల్లుమంది. పాపం ఏ ఆపరేషనో అనుకున్నాను. తీరా చూస్తే కౌన్సిలర్ లైబ్రరీలో కూర్చుని జనం గోడు వినడాన్ని సర్జరీ అంటారట. వెళ్లాను. ఫ్లెక్సీ లేదు, శాలువా లేదు, వెనక నలుగురు కుర్రాళ్లూ లేరు. ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన, ముందు నోట్‌బుక్. మా ఊళ్లో అయితే పొద్దున్నే వాళ్లింటి అరుగు మీద పడిగాపులు కాయాలి. ఆవిడ వీధి చివర ఎవరో పడేస్తున్న పాత పరుపుల సంగతి చెప్పింది. నేనూ ఊరుకోలేక మావాడి గోడ సంగతి చెప్పాను. ఆయన రాసుకుని, "మీ అబ్బాయి ఓటరుగా నమోదయ్యాడా?" అన్నాడు. ఇండియన్ పాస్‌పోర్టండీ అన్నాను. "అయితే ఓటుంది" అన్నాడు. వీసా మీద ఇక్కడుండే కామన్వెల్త్ దేశాలవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటుంటుందట!

మావాడు నమ్మలేదు. ఓటరు నమోదు కోసం వచ్చిన కాగితాలన్నీ మూడేళ్లుగా పిజ్జా పాంప్లెట్లతో పాటు చెత్తబుట్టలో వేస్తున్నాడు. ఆ రాత్రే ఫోన్‌లో ఫారం తెరిచాడు. పేరు, పుట్టిన తేదీ నింపాడు. అడ్రస్ దగ్గర ఆగిపోయాడు.

"ఈ ఇంట్లో నలుగురం ఉంటున్నట్టు బయటపడితే ఓనర్ ఖాళీ చేయమంటాడేమో మావయ్యా" అన్నాడు.

ఫోన్ పక్కన పెట్టి, స్ప్రే బాటిల్ తీసుకుని మంచం ముందుకు జరిపాడు. శనివారం కదా.