కనుమ నాడు నాన్నగారిని పోలీసులు ఆపారు

కనుమ నాడు కాకి కూడా కదలదని మా అమ్మ అంటుంది. మా నాన్నగారు ఆ రోజు కూడా నడకకు బయలుదేరారు. ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 31 ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. నవంబరులో అమ్మతో కలిసి మా ఇంటికి, టెక్సాస్‌కు వచ్చారు. డాలస్ చుట్టూ ఉన్న ఊళ్లలో మాదీ ఒకటి. జనవరి చలికి తలమీద మంకీ క్యాపు, మెడలో మఫ్లరు, చేతులు స్వెట్టరు జేబుల్లో. మన ఊళ్లలో ఏ వీధిలోనైనా ఇలాంటి పెద్దాయన పొద్దున్నే ఎదురవుతారు. మా వీధి చివర కారులో కూర్చున్న నైబర్‌హుడ్ వాచ్ (కాలనీవాళ్లే తమ వీధులపై కన్నేసి ఉంచే బృందం) వాలంటీరుకు మాత్రం ఆయన 'ముఖం కప్పుకున్న నల్లటి మనిషి, ఇళ్లను కనిపెట్టి చూస్తున్నాడు' అనిపించారు.

ఈ మాటలు నేను ఊహించి రాయడం లేదు. ఫోను వచ్చినప్పుడు పోలీసులు రాసుకునే కాల్ షీటులో ఉన్నవి. ఆ కాగితం ఎలా సంపాదించామో, ఆ తర్వాత ఏమేం చేశామో రాస్తున్నాను. అమ్మానాన్నలను పిలిపించుకున్న వాళ్లలో ఎవరికైనా ఇది అవసరం పడవచ్చు. పడకూడదనే నా కోరిక.

ముందు జరిగింది చెప్పాలి. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక తెలుగువాళ్ల ఇల్లుంది. అప్పటికి వాళ్లెవరో మాకు తెలియదు. వాళ్లమ్మాయి కారు నిలిపే చోట బియ్యప్పిండితో రథం ముగ్గు వేసింది. రాత్రి ఏదో కారు టైరు ఎక్కి రథం తాడు ఒకచోట చెరిగిపోయింది. నాన్నగారు అక్కడ ఆగి, వంగి చుక్కలు లెక్కపెట్టారు. తాడు తెగి ఉండటం చూడలేక, పక్కన రాలిన పిండిని వేలితో జరిపి ఆ రెండు కొసలనూ కలిపారు. రథం తాడు పక్కింటి ముగ్గు దాకా సాగాలన్నది మన ఆచారం కదా. అలా రెండు నిమిషాలు వంగి ఉన్నారేమో. అప్పటికే వాలంటీరు ఆయన వెనుకే మెల్లగా కారు నడుపుతూ పోలీసులకు ఫోను చేశాడు.

మిగిలింది నేను ఏప్రిల్‌లో, పోలీసు అధికారి బాడీ కెమెరా వీడియోలో చూశాను. మొత్తం పదకొండు నిమిషాలు. అధికారి కారు దిగుతూనే చేతులు బయటికి తీయమన్నాడు. నాన్నగారు ఇంగ్లీషు బాగా చదవగలరు, అక్కడి యాసలో వేగంగా మాట్లాడితే అందుకోలేరు. ఆయన స్వెట్టరు జేబులో నేనే రాసి పెట్టిన కాగితం ఉంది. మా ఇంటి చిరునామా, నా ఫోను నంబరు. దారి తప్పితే ఎవరికైనా చూపించమని నవంబరులోనే చెప్పాను. చెప్పిన మాట ప్రకారం ఆయన దాని కోసం చేతిని జేబులో మరింత లోపలికి పెట్టారు. అధికారి చెయ్యి నడుము దగ్గరున్న తుపాకి మీదికి వెళ్లింది. రెండుసార్లు గట్టిగా అరిచాడు. ఆ క్షణంలో ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. నైటీ మీద శాలువా కప్పుకున్న ఒక అమ్మాయి గడపలోనే నిలబడి, తెలుగులో, "బాబాయిగారూ, కదలకండి, మెల్లగా చేతులు పైకెత్తండి" అంది.

ఆయన ఆగారు. ఆ గొంతు తెలుగుది కాబట్టి ఆగారు. వీడియోలో ఆ చోటు నేను ఒక్కసారే చూశాను.

చేతులెత్తాక ఆయన చూపుడు వేలికి తెల్లటి పిండి. అది ఏమిటని అధికారి అడిగాడు. నాన్నగారు "ముగ్గు" అన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ "ముగ్గు" అన్నారు. ఆ అమ్మాయి వివరించింది. ఆయనను కాలిబాట అంచున కూర్చోబెట్టి, కాగితంలోని నంబరుకు ఫోను చేశారు. నేను వెళ్లేసరికి మంకీ క్యాపు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చలిలో నెత్తిమీద చెమట.

ఇంటికి రాగానే అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. 2017లో కాన్సాస్‌లోని ఒలేథాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన వార్త తెలుగు ఇళ్లలో ఎవరూ మరిచిపోలేదు. నా మనసులో మెదిలింది మాత్రం వేరే పెద్దాయన. 2015 ఫిబ్రవరిలో, అలబామాలోని మాడిసన్‌లో, సురేశ్‌భాయ్ పటేల్. 57 ఏళ్లు. మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చారు. కొడుకు ఇంటి దగ్గర నడుస్తుంటే, సన్నటి నల్లజాతీయుడు ఇళ్ల మధ్య తిరుగుతున్నాడని ఒకరు పోలీసులకు ఫోను చేశారు. ఆయన తలమీదా చలి టోపీయే. ఇంగ్లీషు రాదని చెప్పబోయిన ఆయనను ఒక పోలీసు నేలకేసి కొట్టడంతో వెన్నెముక దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా పనిచేయకుండా పోయాయి. ఆ పోలీసుపై ఫెడరల్ కోర్టులో రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. 2016 జనవరిలో న్యాయమూర్తి అతన్ని నిర్దోషిగా ప్రకటించారు. పటేల్ కుటుంబం వేసిన దావా 2021లో పదిహేడున్నర లక్షల డాలర్ల పరిహారంతో ముగిసింది. వంగి ముగ్గు చూసిన మనిషికీ, నేలమీద పడిపోయిన ఆ మనిషికీ మధ్య ఎంత దూరం ఉంది? ఒక అమ్మాయి సమయానికి తలుపు తీసినంత.

ఆ రాత్రే నాన్నగారిని కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు ఆయన మాటల్లోనే కాగితం మీద రాయించాను. రెండు రోజులు గడిస్తే మనసు తనకు తానే కొన్ని చెరిపేసుకుంటుంది. అధికారి వెళ్తూ ఇచ్చిన చిన్న చీటీ మీద ఘటన నంబరు ఉంది. దాన్ని పారేయకండి. తర్వాతి పనులన్నీ ఆ నంబరుతోనే నడుస్తాయి.

మొదటి పని రికార్డులు అడగడం. మన సమాచార హక్కు చట్టం లాంటిదే టెక్సాస్‌లోనూ ఉంది. పది పనిదినాల్లో కాగితం ఇవ్వాలి లేదా ఎప్పుడిస్తారో చెప్పాలి, ఇవ్వకూడదనుకుంటే ఆ లోపల రాష్ట్ర అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. నేను మూడు అడిగాను: కాల్ షీటు, ఫోను సంభాషణ రికార్డు, బాడీ కెమెరా వీడియో. వీడియో అడిగేటప్పుడు తేదీ, దాదాపు సమయం, చోటు, అందులో కనిపించే ఒకరి పేరు రాయాలి. నేను మొదట 'మా నాన్నగారిని ఆపిన వీడియో' అని మాత్రమే రాస్తే తిప్పి పంపారు. సరిగ్గా రాశాక కాల్ షీటు ఎనిమిదో పనిదినానికి వచ్చింది, ఫోను చేసినవారి పేరు మీద నల్లగీతతో. మిగిలిన రెండూ అటార్నీ జనరల్ దాకా వెళ్లి ఏప్రిల్‌లో వచ్చాయి.

కాల్ షీటును నాన్నగారు మాట మాట అనువదించమన్నారు. అందులో ఆయన చేసిన పని ఒక్కటే ఉంది: ఒక ఇంటి ముందు, కారు పక్కన వంగాడు. తక్కినదంతా ఆయన రంగు, టోపీ, 'ఈ కాలనీ మనిషిలా లేడు' అన్న మాట. నాకు అసలు విషయం అక్కడే కనిపించింది. పోలీసు కారు దిగడానికి ముందే మా నాన్నగారు ఆ ఫోనులో దొంగ అయిపోయారు. అధికారి తన కళ్లతో చూసింది మనిషిని కాదు, అప్పటికే విన్న మాటలను.

రెండో పని ఫిర్యాదు. పోలీసు అధికారిపై ఫిర్యాదు రాతపూర్వకంగా, ఫిర్యాదుదారు సంతకంతో ఉండాలి. ఫోనులో కోపంగా చెప్పి ఊరుకుంటే దాన్ని ఫిర్యాదుగా తీసుకోరు. జాతిని బట్టి అనుమానించి ఆపడాన్ని టెక్సాస్ 2001లోనే చట్టం చేసి నిషేధించింది. ప్రతి పోలీసు విభాగానికీ దానిపై రాతపూర్వక విధానం, ఫిర్యాదు చేసే పద్ధతి ఉండాలి. ఆ విధాన పత్రాన్ని ముందే చదివి, అందులోని మాటలతోనే ఫిర్యాదు రాశాను. సంతకం నాన్నగారిది.

ఆ ముగ్గు ఇంటి అమ్మాయి సాక్ష్యం రాసిస్తుందేమోనని వెళ్లాను. టీ ఇచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె భర్త మెల్లగా, "అక్కా, మా గ్రీన్ కార్డు పనిలో ఉంది, మా పేరు ఎక్కడా రాయకండి" అన్నాడు. రాయనన్నాను. అతన్ని తప్పుపట్టను. తలుపు తీయడమే ఆమె చేయగలిగినంత పెద్ద పని, అది చేసింది.

ఫిబ్రవరిలో విచారణాధికారి నాన్నగారితో మాట్లాడాలన్నారు. నేనే అనువాదం చేస్తానంటే ఒప్పుకోలేదు. మొదట కోపం వచ్చింది కానీ వాళ్లే సరి. కూతురు అనువదిస్తే తండ్రి మాటకు తన కోపం కూడా కలుపుతుంది. ఫోనులో ఒక తెలుగు అనువాదకురాలిని ఏర్పాటు చేశారు. "నమస్కారమండీ, మీరు నిదానంగా చెప్పండి" అని ఆమె అనగానే నాన్నగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. గంటసేపు, తరగతిలో పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పారు. చుక్కలు ఎన్నో కూడా చెప్పారు.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది, వాచ్ వాళ్లతో మాట్లాడటం. మార్చిలో సమావేశం పెట్టించుకున్నాను. దానికి రుజువులు పోగుచేద్దామని మా కాలనీ గ్రూపులో పాత సందేశాలన్నీ వెనక్కి చూస్తూ వెళ్లాను. అక్టోబరులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. తలమీద హుడీ వేసుకున్న నల్లజాతి కుర్రాడు చేతిలో ఫోనుతో ఇళ్ల నంబర్లు చూసుకుంటూ నడుస్తున్నాడు. 'అనుమానాస్పద వ్యక్తి, జాగ్రత్త' అని కింద రాశారు. ఏదో పార్సిల్ ఇవ్వడానికి వచ్చి ఉంటాడు. దాని కింద పద్నాలుగు మంది కృతజ్ఞతలు చెప్పారు. అందులో మూడో పేరు నాది. మా నాన్నగారు రావడానికి నెల ముందు. ఆ కుర్రాడికి కూడా ఒక తల్లి ఉంటుంది, ఇంటికి ఆలస్యమైతే ఎదురుచూస్తుంది. ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో 2012లో ట్రేవాన్ మార్టిన్‌కు 17 ఏళ్లు. అతన్ని కాల్చిన జార్జ్ జిమ్మర్‌మన్ కూడా వాచ్ వాలంటీరే. వెంబడించనక్కర్లేదని పోలీసుల తరఫున ఫోనెత్తిన వ్యక్తి అతనికి చెప్పారు. ఆ కేసు టీవీలో చూసి బాధపడిన నేనే, నా వీధిలో ఆ వయసు కుర్రాడి ఫొటోకు కృతజ్ఞతలు రాశాను. ఆ సందేశాన్ని చెరిపేయలేదు. సమావేశానికి తీసుకెళ్లి అందరికంటే ముందు అదే చూపించాను.

వాచ్ కార్యక్రమాన్ని ఈ దేశంలో 1972లో షెరీఫ్‌ల జాతీయ సంఘం మొదలుపెట్టింది. దాని నియమం సులువైనదే: చూడండి, పోలీసులకు చెప్పండి, వెంబడించకండి, ఆయుధం పట్టుకోకండి. ఆ వాలంటీరు నియమం మీరి నాన్నగారి వెనుక కారు నడిపాడని కాల్ షీటులోని సమయాలు చూపించి చెప్పాను. అతను అరవై దాటిన మనిషి. ఏడాది కిందట తన ఇంట్లో దొంగతనం జరిగిందని, అప్పటి నుంచి భార్యకు నిద్ర పట్టడం లేదని చెప్పాడు. అది అబద్ధమని నేననుకోను. కానీ ఆ భయానికి మా నాన్నగారు సమాధానం చెప్పాల్సిన పనిలేదని కూడా చెప్పాను. అతను నా ముఖంలోకి చూడలేదు. క్షమాపణ చెప్పలేదు. సమావేశం మాత్రం ఒక మార్పుకు ఒప్పుకుంది. ఇకపై ఎవరి గురించైనా ఫోను చేసేముందు, గ్రూపులో రాసేముందు, ఆ మనిషి ఏం చేశాడో మొదట రాయాలి. రూపం తర్వాత. చేసిన పని ఏదీ లేకపోతే సందేశమే వద్దు. ఏప్రిల్‌లో గ్రూపులో అలాంటి ఫొటో ఒక్కటే పడింది. ఇద్దరు వెంటనే తీయించారు.

ఫిర్యాదు ఫలితం ఏప్రిల్ చివర ఉత్తరంగా వచ్చింది. అధికారి విధానం మీరలేదని, అయితే భాష రానివారితో వ్యవహరించడంపై అతనికి మళ్లీ శిక్షణ ఇస్తామని రాశారు. నాకు చాల్లేదు. చేతిని తుపాకి మీద పెట్టడం విధానంలో భాగమైతే ఆ విధానాన్నే ప్రశ్నించాలి. నగర మండలి సమావేశంలో మూడు నిమిషాలు మాట్లాడటానికి పేరు నమోదు చేసుకున్నాను.

ఒక్క జాగ్రత్త చెబుతాను. 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ నమోదు పత్రం దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం. ఆ రోజు నాన్నగారి పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు తెలిపే పత్రం, ఆయనకు అదే నమోదు పత్రం) రెండూ నా సొరుగులో భద్రంగా ఉన్నాయి. ఆ తర్వాత ఐ-94, పాస్‌పోర్టు నకలు, చిరునామా అన్నీ పారదర్శకమైన కవరులో పెట్టి, తాడుతో ఆయన మెడలో వేశాను. జేబులో చెయ్యి పెట్టే అవసరమే ఉండకూడదు. ఎనిమిదో తరగతి పిల్లలకు పరీక్షల హాల్‌టికెట్ వేసినట్టుందని అమ్మ అంది. కన్నతండ్రి మెడలో ఇది వేయాల్సి రావడం నాకు ఇంకా మింగుడు పడలేదు.

ఆ ఫలితం ఉత్తరాన్ని నాన్నగారు రెండుసార్లు చదివారు. అందులో ఒకచోట 'ఆయన నేలమీది ఒక సుద్ద బొమ్మను పరిశీలిస్తున్నట్టు' రాశారు. "సుద్ద కాదమ్మా, బియ్యప్పిండి. బొమ్మ కాదు, ముగ్గు. నేను ఆ రోజు వాళ్లకు చెప్పిన ఒక్క మాట అదే" అన్నారు. సవరించమని మళ్లీ ఉత్తరం రాద్దామన్నారు. మే మొదటి వారంలో, తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుతూనే రాశాం. నేను ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. దాని పక్కన ఆయన తన కలంతో తెలుగులో రాసి, కింద సంతకం పెట్టారు. ఉత్తరం ఫైలులో చేర్చామని వాళ్ల దగ్గర్నుంచి రసీదు వచ్చింది. ఆయన ఒంగోలు చేరాక దాన్ని ఫొటో తీసి పంపాను.