అలమారలో పాస్‌పోర్టులు, గ్రూపులో జబ్బులు

2017 నుంచి రెండేళ్లు ఖతర్ రాజధాని దోహాలో, కార్మికులను వేరే కంపెనీల సైట్లకు పంపే ఒక సప్లై కంపెనీలో నేను టైమ్‌కీపర్‌గా, అంటే హాజరు చూసేవాడిగా పనిచేశాను. క్యాంపులో సగం మంది కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ వైపు వాళ్లే. తెల్లవారుజామున బస్సెక్కే ముందు అందరూ మెషీన్ మీద వేలు పెట్టాలి. సిమెంటు పనికి వేళ్లరిగినవారి ముద్ర పడేది కాదు కనుక, వారి ఐడీ నంబరు నేను చేత్తో రాసుకునేవాణ్ణి. మా ఆఫీసులో ఒక ఇనుప అలమార ఉండేది. అందులో రబ్బరు బ్యాండ్లు వేసిన పాస్‌పోర్టుల కట్టలు ఉండేవి, నాదీ వాటిలోనే ఉండేది.

ఖతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం నివాస అనుమతి పనులు పూర్తయ్యాక యజమాని పాస్‌పోర్టును కార్మికుడికి తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే 25,000 రియాళ్ల వరకు జరిమానా ఉంది. అయితే కార్మికుడే రాతపూర్వకంగా కోరితే యజమాని దాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ చిన్న సందులోంచే అలమార నిండింది. చేరిన మొదటిరోజు సంతకం పెట్టించుకునే కాగితాల కట్టలో, అరబిక్‌లోను ఇంగ్లిష్‌లోను ఉన్న ఆ కోరిక కూడా ఉండేది. మన 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం ఆ పుస్తకం భారత ప్రభుత్వ ఆస్తి అని నాకూ అప్పుడు తెలియదు.

పాస్‌పోర్టు కంటికి కనబడే వస్తువు గనుక దాని గురించి అడిగేవారు ఉండేవారు. ఒంటి సంగతులు బయటపడితే మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. ఒకసారి ఫోర్‌మన్ చెప్పాడని, సెలవులో ఉన్నవారి జాబితాను, పక్కనే వారి వారి జబ్బులతో సహా, ఫోటో తీసి క్యాంపు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో రాయికల్ దగ్గరి ఒక పిల్లవాడి పేరు ఎదురుగా ‘షుగర్’ అని ఉంది. సాయంత్రానికి ఆ మాట ఊరికి చేరింది. నెల తిరగకముందే అతనికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఖతర్ 2016లోనే తెచ్చిన వ్యక్తిగత సమాచార గోప్యత చట్టం, అంటే 13వ నంబరు చట్టం, ఆరోగ్య వివరాలను ప్రత్యేక స్వభావం గల సమాచారంగా పరిగణిస్తుంది. తప్పు నాది. పెట్టమన్నవాడిది కూడా అనుకోండి, కానీ ఫోటో తీసింది నా ఫోనే.

ఇక్కడ చిక్కేమిటంటే, వీసా ఒకరిది, సైటు ఇంకొకరిది, వేలిముద్ర మెషీన్ మూడో కంపెనీది కావడం వల్ల, మన వివరాలు ఎవరి దగ్గర ఏమున్నాయో అడగాలన్నా ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి వెళ్లేవారు ఒప్పందంలో యజమానిగా ఎవరి పేరుందో, ఆ కాగితం నకలు తమ దగ్గర ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి. మన దగ్గరి ఏజెంట్ల సంగతి వేరు. మెడికల్ రిపోర్టు, ఆధార్, భార్య ఫోన్ నంబరు వారి ఫోన్లలోనే తిరుగుతుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి గానీ, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి అందులోనే 18 నెలల గడువిచ్చారు.

మొన్న మా వాడకట్టులో ఒక తమ్ముడు దోహా కాగితాలు తెచ్చి చూపించాడు. మూడో పేజీలో ‘నా కోరిక మేరకు పాస్‌పోర్టు భద్రపరచగలరు’ అన్న అర్థం వచ్చే వాక్యం కింద అతని సంతకం అప్పటికే ఉంది. ఎప్పుడు పెట్టావని అడిగితే, జగిత్యాలలో ఏజెంటు ఆఫీసులో, నిలబడే పెట్టానన్నాడు.