మీరు నుంచి నువ్వు దాకా

ప్రేమ నవల చివరి పేజీలో ఏం జరుగుతుందో మొదటి పేజీ తిప్పేటప్పుడే పాఠకురాలికి తెలుసు. ఈ రకం నవలకు అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చుకున్న నిర్వచనంలో ఉన్నవి రెండే షరతులు: కథకు ప్రేమే కేంద్రం కావాలి, ముగింపు తృప్తిని, ఆశను మిగల్చాలి. ముగింపు ముందే తెలిసిన పుస్తకం మీద సమీక్ష రాయడానికి ఏముంటుందని నన్ను చాలామంది అడిగారు. ఎనిమిదేళ్లుగా తెలుగు ప్రేమ నవలల మీద సమీక్షలు రాస్తూ, గత మూడేళ్లుగా పాఠకులు తామే దారి ఎంచుకుంటూ చదివే కథల ఆటలు కూడా తయారుచేస్తూ వచ్చాక, ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక సమాధానం ఏర్పడింది. చేరే ఊరు ఒక్కటే అయినప్పుడు దారిలో ఎవరు ఎక్కడ ఆగారు, ఎటు తిరిగారు, ఆ తిరగడం వాళ్ల ఇష్టప్రకారం జరిగిందా అన్నదే ఆ పుస్తకం విలువ.

నేను పగలు విజయనగరంలో ఒక జూనియర్ కళాశాలలో గణితం చెబుతాను. నవలలు అమ్మ నుంచి వచ్చాయి. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉన్న ఒక అద్దె పుస్తకాల దుకాణం నుంచి ఆమె రోజుకో నవల తెచ్చుకునేది. అంతకన్నా ఆమెకు ప్రియమైనవి వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, కథ ముగిశాక బైండు చేయించుకున్న పుస్తకాలు. అలాంటివి మా ఇంట్లో ఇప్పటికీ పదకొండు ఉన్నాయి. వాటిలో పేజీ వెనకవైపు సగం వంటకం ఉంటుంది, సబ్బు ప్రకటన ఉంటుంది, ప్రతి భాగం చివర బ్రాకెట్లలో 'సశేషం' ఉంటుంది. యద్దనపూడి సులోచనారాణి గారి తరం రచయిత్రులు 1960లలో, 70లలో ఆ ఒక్క మాట దగ్గర పాఠకురాలిని వారం రోజుల పాటు నిలబెట్టగలిగారు. ఆ వారమంతా అమ్మ, పిన్ని, పక్కింటి అత్తయ్య అరుగు మీద కూర్చుని, నాయిక ఏం చేస్తుందో, ఏం చేస్తే బాగుంటుందో వాదించుకునేవారట. దారులు ఎంచుకునే ఆట తెలుగు ఇళ్లలో కంప్యూటరు రాకముందే ఉందని నేను నమ్మేది అందుకే.

ఆ సీరియళ్లు వచ్చిన పాత పత్రికలు చూడాలనిపించినప్పుడు రైలెక్కి ఆమదాలవలసలో దిగి శ్రీకాకుళం వెళ్తాను. కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయం అక్కడ ఉంది. అది కథల కోసం కట్టిన ఇల్లే అయినా, కథ అచ్చయిన పాత వారపత్రిక తెరిస్తే దాని పక్కనే సీరియల్ నవల భాగం కూడా కనిపిస్తుంది కదా.

నా సమీక్షల తీరు మారింది ఒక నవల వల్ల. దాని పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే నా అభ్యంతరం ఆ ఒక్క పుస్తకం మీద కాదు. నాయికకు ఒకే రోజు రెండు ఉత్తరాలు వస్తాయి. ఒకటి విశాఖపట్నంలో ఉద్యోగానికి పిలుపు, రెండోది నాయకుడి తల్లి రాసిన పెళ్లి మాట. నూట ఎనభై పేజీల పాటు ఆ అమ్మాయి చదువును, పట్టుదలను ఎంతో శ్రద్ధగా నిర్మించిన రచయిత్రి, ఆ సాయంత్రం పెద్ద వాన కురిపించి ఉద్యోగపు ఉత్తరాన్ని తడిపి పాడుచేశారు. నాయిక ఏడ్చింది, నాయకుడు ఓదార్చాడు, పెళ్లి జరిగింది. ఈ నిర్ణయం అమ్మాయిది కాదని, వానదని నా సమీక్షలో రాశాను. ఆమె ఉత్తరం చేతిలో పట్టుకుని పెళ్లినే ఎంచుకుని ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. అప్పటి నుంచి ఏ నవల చదివినా పక్కన పొడవాటి లెక్కల పుస్తకం పెట్టుకుని, నాయిక తనంతట తాను నిర్ణయించుకున్న చోట ఒక గీత, ఆమె బదులు వాన, జ్వరం, బెణికిన కాలు, తప్పిపోయిన రైలు నిర్ణయించిన చోట ఒక సున్న పెడుతున్నాను. మంచి నవలలో గీతలు మొదట్లో తక్కువగా ఉండి, పోనుపోను పెరుగుతాయి.

ఆ వాన సాయంత్రమే నా మొదటి ఆటకు విత్తనం. ఉత్తరం తడవకపోతే ఏమవుతుందో రాసి చూడాలనిపించింది. ఇలాంటి రచనకు చరిత్ర చిన్నదేమీ కాదు. విల్ క్రౌథర్ అనే అమెరికా ప్రోగ్రామరు 1970ల నడుమ గుహల్లో తిరిగే ఒక ఆటను అక్షరాలతోనే తయారుచేశాడు, డాన్ వుడ్స్ దాన్ని 1977లో పెంచాడు. 1987లో ఇన్ఫోకామ్ కంపెనీ కోసం ఎమీ బ్రిగ్స్ అనే రచయిత్రి 'ప్లండర్డ్ హార్ట్స్' పేరుతో ఓడలు, సముద్రపు దొంగలు ఉన్న ప్రేమకథను ఆటగా రాసింది. అందులో ఆడే మనిషి నాయికే. అయితే ఆ ఆటల్లో 'దీపం తీసుకో' వంటి ఆజ్ఞను మనమే టైపు చేయాలి. ఆంగ్లంలో క్రియ ముందు, వస్తువు తరువాత వస్తాయి కాబట్టి యంత్రం సులువుగా విడదీసుకుంటుంది. తెలుగులో ఒకరు 'దీపం తీసుకో' అంటారు, ఒకరు 'దీపాన్ని తియ్యి' అంటారు, మరొకరు 'దీపం పట్టుకెళ్తాను' అంటారు. విభక్తి పేరుకు అంటుకుంటుంది, కాలమూ పురుషా క్రియ చివర చేరతాయి. వాటన్నింటినీ యంత్రానికి నేర్పేకన్నా, రాసి పెట్టిన వాక్యాల్లో ఒకదాన్ని పాఠకులు వేలితో తాకి ముందుకు వెళ్లే పద్ధతే మన భాషకు నప్పుతుందని తేల్చుకున్నాను. అందుకు క్రిస్ క్లైమస్ 2009లో ఇచ్చిన ట్వైన్ అనే ఉచిత పనిముట్టు సరిపోయింది. అందులో కథ చిన్న చిన్న గదులుగా తెర మీద కనిపిస్తుంది, గది నుంచి గదికి బాణపు గీతలు ఉంటాయి. ఒక్కో గది ఒక్కో 'సశేషం'.

లెక్కల మనిషిని కాబట్టి మొదట లెక్కే భయపెట్టింది. పది చోట్ల రెండేసి దారులు ఇచ్చి, విడిపోయిన దారిని మళ్లీ కలపకుండా పోతే, చివరికి 1,024 ముగింపులు రాయాలి. ఎవరూ రాయలేరు, ఎవరూ చదవలేరు. అందువల్ల దారులు విడిపోయినా కొంత దూరం వెళ్లాక ఒక చోట కలవాలి, కానీ కలిసిన తరువాత కూడా పాఠకురాలు ఏ దారిన వచ్చిందో కథకు గుర్తుండాలి. ఆ గుర్తును బడిలో చరరాశి అంటాం. ప్రేమ నవలకు ఇంతకన్నా దగ్గరి నిర్మాణం మరొకటి లేదని ఆ రోజు నాకు తట్టింది. గమ్యం ఒక్కటే, అక్కడికి తెచ్చిన గుర్తులు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కో రకం. ఇక ఏ గుర్తును దాచాలన్నది తేలాల్సి ఉంది. ఆంగ్లంలో ఇలాంటి ఆటలు చేసేవారు ప్రేమను అంకెలతో కొలిచి, పువ్వు ఇస్తే రెండు కలిపి, కోప్పడితే ఒకటి తీసివేయడం చూశాను. అలా రాస్తే ప్రేమ కిరాణా పద్దులా తయారైంది. నా లెక్కల పుస్తకం మళ్లీ తిరగేసినప్పుడు, బాగున్నాయని రాసుకున్న నవలలన్నింటిలోనూ ఒకే ఘట్టం దగ్గర నక్షత్రం గీసి ఉందని గమనించాను. అది నాయిక నాయకుణ్ణి 'మీరు' అనడం మాని మొదటిసారి 'నువ్వు' అన్న చోటు.

ఈ మలుపును మన భాష మనకు ఊరికే ఇచ్చింది. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగితే ప్రతి క్రియా మారుతుంది. 'చెప్పండి' 'చెప్పు' అవుతుంది, 'గారు' రాలిపోతుంది, వాక్యం మొత్తం దగ్గరికి జరిగి కూర్చుంటుంది. పాత నవలల్లో నాయకుడు పరిచయమైన నాలుగో పేజీకే 'నువ్వు'లోకి దిగిపోతాడు, నాయిక పెళ్లయ్యాక కూడా 'మీరు' దగ్గరే ఉంటుంది. ఆ తేడాను మా అమ్మ తరం మర్యాదగా చదివింది, నేను మొదట్లో అన్యాయంగా చదివాను, ఇప్పుడు ముందు ఎవరు అడిగి మార్చారు అని చూస్తున్నాను. కాబట్టి నా ఆటలో చరరాశులు రెండే: ఆమె అతన్ని ఏమని పిలుస్తుంది, అతను ఆమెను ఏమని పిలుస్తాడు. మొత్తం నాలుగు స్థితులు. ప్రతి సంభాషణనూ నాలుగు రకాలుగా రాయవలసి వచ్చింది, రాస్తున్నప్పుడు ఒకే మాట నాలుగు చోట్ల నాలుగు రకాల బరువుతో పలికింది.

ఆటలోని కథ ఈ ఊరిదే. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున గుడికీ కోటకూ మధ్య జనంలో ఇద్దరు తారసపడతారు. అతని పేరు కిరణ్, మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటాడు. నాయిక చేతి సంచీలో ఉద్యోగపు ఉత్తరం ఉంటుంది, ఈసారి దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టాను. కథకురాలు ఆమెను 'నువ్వు' అనే సంబోధిస్తుంది. ప్రథమ పురుషలో 'వచ్చాడు', 'వచ్చింది' అన్న తేడా ఉంది కానీ మధ్యమ పురుషలో లేదు. 'నువ్వు వచ్చావు' అన్నప్పుడు ఆడో మగో క్రియ చెప్పదు కనుక, చదివేవారు ఎవరైనా సంకోచం లేకుండా ఆ స్థానంలో నిలబడగలరు.

పేర్లతో పడ్డ శ్రమ కొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఇలాంటివి చేయబోయే వారికి అది పనికొస్తుంది. నాయిక పేరు పాఠకులే టైపు చేసేలా మొదట పెట్టాను. వాణికి 'కి' రావాలి, సుజాతకు 'కు' రావాలి. యంత్రానికి ఆ సంగతి తెలియదు. చివర ఇకారం ఉందో లేదో చూసే నియమం రాశాను. తీరా హల్లుతో ముగిసే పేర్ల దగ్గర మరో చిక్కు వచ్చింది. 'కిరణ్' పక్కన 'కి' చేర్చగానే క కిందికి దిగి ణకు ఒత్తయి, 'కిరణ్కి' అని ఎవరూ చదవలేని మాట తయారైంది. రెండింటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనిపించని అక్షరాన్ని పెడితేనే 'కిరణ్‌కి' అని సరిగ్గా వస్తుంది. ఆ కనిపించని అక్షరం కోసం నేను రెండు రాత్రులు వెతికాను. చివరికి నాయికకు టైపు చేసే వీలు తీసేసి వాణి, సుజాత, పద్మ, లక్ష్మి అని నాలుగు పేర్లు ఇచ్చి ఎంచుకోమన్నాను.

ఒకసారి అరవై రెండు గదులు పోగొట్టుకున్నాను కూడా. ట్వైన్‌ను బ్రౌజరులో వాడితే రాసినదంతా ఆ బ్రౌజరులోనే ఉంటుంది. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని నేనే పాత సమాచారమంతా చెరిపేశాను, దానితో కథా పోయింది. ఇప్పుడు రోజూ పడుకునే ముందు ఒక ప్రతిని దించుకుని పెన్‌డ్రైవులో పెడుతున్నాను. తిరిగి రాసేటప్పుడు ధైర్యం తెచ్చుకోవడానికి నాకు గురజాడ వారు ఉన్నారు. ఈ ఊళ్లోనే 1892లో ఆడి, 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని ఆయన 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. అందులో ఎవరు ఎవరిని ఏ మాటతో పిలుస్తారో చూసుకుంటూ చదివితే, వాళ్ల మధ్య ఉన్న సంబంధమంతా పిలుపులోనే కనిపిస్తుంది.

రెండోసారి రాసిన ఆటను మొదట పిన్నికి ఇచ్చాను. ఆమె వయసు డెబ్బై ఒకటి, ఆ బైండు పుస్తకాలన్నీ అమ్మతో పాటు చదివిన మనిషి. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే, కళ్లద్దాలు సర్దుకుని గంట స్తంభం దగ్గరి ఘట్టం దాకా చదివి ఆగింది.

"ఏటే, ఈ పిల్ల అతన్ని అప్పుడే నువ్వనీసిందేటి? నిన్న గాక మొన్న చూసింది కదా."

ఆ గదిలో 'మీరు' దారి అసలు పెట్టలేదని అప్పుడు చూసుకున్నాను. నవలల్లో రచయిత్రులు చేశారని నేను సున్నలు పెట్టిన పనే నా ఆటలో నేను చేశాను, పాఠకురాలి బదులు నేను నిర్ణయించేశాను. వారం తరువాత దిద్ది మళ్లీ ఇచ్చాను. ఈసారి పిన్ని తొందరపడకుండా, ఎంచుకునే ప్రతి చోటా 'మీరు' వైపే వెళ్లింది. ఉద్యోగంలో చేరింది, ప్రతి ఆదివారం రైల్లో ఊరికి వచ్చింది, కిరణ్ కచేరీకి వెళ్లింది, చివరి గది తెరిచింది. తెర ఖాళీగా ఉంది. ఆఖరి ఘట్టాన్ని నేను 'నువ్వు' అన్నవారికి మాత్రమే రాసి పెట్టాను.

"అయిపోనాదేటే?" అని అడిగింది పిన్ని. అవలేదని, నేను రాయలేదని చెప్పాను. ఫోను నా చేతికి తిరిగి ఇచ్చి, "మీ బాబాయిని నేనొక్కనాడూ నువ్వనలేదు. అలాగని మాకు మాటలు తక్కువైపోనాయేటి?" అంది.

ఈ వారం ఆ గదే రాస్తున్నాను. పెద్ద చెరువు గట్టు మీద చీకటి పడుతోంది. ఆమె 'మీరు' దగ్గరే నిలిచింది కనుక, అంతదాకా 'నువ్వు' అంటూ వచ్చిన కిరణ్ ఆ సాయంత్రం ఆగి, తాను కూడా 'మీరు' అనడం మొదలుపెడతాడు. వయొలిన్ పెట్టెలో పెట్టబోతున్న అతన్ని ఆమె ఒక్క మాట అడుగుతుంది.

"మీరు చివర వాయించింది, ఇంకొకసారి వాయిస్తారా?"

"మీరు వింటానంటే," అంటాడు కిరణ్, పెట్టె మళ్లీ తెరుస్తూ.