అత్తయ్య కొంగు, మా తలుపు మువ్వలు

పోయిన జనవరిలో ఒక రాత్రి పదకొండున్నరకి వంటిల్లు సర్దుకుంటుంటే మా ఏడేళ్లవాడు మెట్లు దిగి వచ్చాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. "ఏం నాన్నా, పాస్ వస్తోందా?" అంటే పలకలేదు, నేరుగా వీధి తలుపు దగ్గరికెళ్లి లాక్ తిప్పుతున్నాడు. మేముండేది అమెరికాలో, మినియాపొలిస్ దగ్గర, బయట మైనస్ 20. నేను అప్పటికే పైకెళ్లి పడుకుని ఉంటే?

విజయవాడ నుంచి తిరిగొచ్చి వారమే అయింది, జెట్ లాగ్‌తో వాడికి సరిగ్గా నిద్రే లేదు. నిద్ర చాలకపోయినా, జ్వరమొచ్చినా పిల్లలు ఇలా నిద్రలోనే లేచి నడుస్తారట, అదీ పడుకున్న గంటా రెండు గంటల్లో, గాఢ నిద్రలో ఉన్నప్పుడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే లేదన్నాం.

అత్తయ్యకి ఫోన్ చేస్తే ముందు దిష్టి తీయమంది. తీశాను, మిరపకాయల పొగకి స్మోక్ అలారం మోగి ఇల్లంతా లేచింది, అది వేరే కథ. తర్వాత తాపీగా, "వాడి నాన్నా అంతేనే, డాబా మీద పడుకుంటే లేచి పిట్టగోడ దాకా వెళ్లేవాడు, నా కొంగు వాడి చేతికి కట్టుకుని పడుకునేదాన్ని" అంది. మా ఆయనకి ఈ సంగతి ఇన్నేళ్లూ తెలియనే తెలియదు!

ఇక్కడ పిల్లాడికి వేరే గది, కొంగు ఎక్కడ కడతాం? బంక్ బెడ్ పై మంచం మానిపించాం, కిటికీలకి లాక్‌లు, మెట్ల దగ్గర గేటు, వీధి తలుపుకి అలారం పెట్టాం. గదికి బయట గడియ పెడదామని మా ఆయన అంటే నేను ససేమిరా అన్నాను, నిప్పంటుకుంటే వాడెలా బయటికొస్తాడు? గది తలుపుకి మాత్రం అక్క పాత గజ్జెల్లోంచి విప్పిన మువ్వలు కట్టాం. అవి గల్లుమంటే చాలు, నాకు మెలకువ వచ్చేస్తుంది.

వాణ్ణి కుదపను, కేకలేయను. భుజం మీద చెయ్యేసి "పడుకుందాం రా నాన్నా" అంటే వచ్చేస్తాడు. పగలు తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబిచ్చేవాడు, ఆ నిద్రలో మాత్రం "ఊఁ, వస్తున్నా" అంటాడు.

చాలామందికి టీనేజ్ కల్లా తగ్గిపోతుందట. ఈలోగా వచ్చే నెల స్నేహితుడింట్లో రాత్రి పడుకునే స్లీపోవర్ ఉంది. వాళ్లమ్మకి చెప్పొద్దని వాడు, చెప్పకుండా పంపనని నేను. ఇంకా తెగలేదు.