బ్రేక్ కీచుమంటే ప్యాడ్లు అయిపోయినట్టేనా?

బ్రేక్ తొక్కితే కీచుమంటోందని కారు షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల చేసేది ఒకటే పని. ప్యాడ్లు (చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్‌ని రెండు వైపుల నుంచీ నొక్కే పలకలు) ఊడదీసి, ఎమెరీ పేపర్ మీద నాలుగు రుద్దులు రుద్ది, మళ్లీ బిగించి పంపిస్తారు. కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది, తర్వాత మళ్లీ అదే గోల.

రుద్దితే ప్యాడ్ ముఖం మీద నిగనిగలాడే గట్టి పొర పోతుంది, అంతే. గోల పుట్టే అసలు కారణం అక్కడే ఉండిపోతుంది. డిస్క్‌కి, ప్యాడ్‌కి, ప్యాడ్లని పట్టుకుని నొక్కే కాలిపర్‌కి దేనికదే సొంతంగా అదిరే వేగాలు కొన్ని ఉంటాయి. వాటిలో రెండు దగ్గర దగ్గరగా పడ్డాయా, రాపిడి ఆ రెండింటినీ కలిపేస్తుంది, తిరుగుతున్న చక్రం నుంచి శక్తి లాక్కుని అదురుని అంతకంతకూ పెంచుతుంది. నల్లబల్ల మీద సుద్దముక్కని ఒక వాటంలో పట్టుకుంటే ఒళ్లు జలదరించేలా కీచుమంటుంది, విరిచి పొట్టి ముక్కతో రాస్తే చాలావరకు తగ్గిపోతుంది కదా, బల్లా అదే, సుద్దా అదే. బ్రేక్‌లో ఈ అదురు మైక్రాన్లలోనే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది, కానీ సెకనుకి వెయ్యి నుంచి పదహారు వేల సార్లు, పైగా డిస్క్ అంత వెడల్పున్న ఇనుము, అందుకే వీధి చివరిదాకా వినిపిస్తుంది.

కాబట్టి చూడాల్సింది ప్యాడ్ వెనకవైపు. అక్కడ షిమ్ అని పల్చటి రేకు ఉంటుంది, చాలా షిమ్‌లకి రబ్బరు పొర కూడా ఉంటుంది, అదురుని మింగేయడమే దాని పని. తుప్పు పట్టిందని దాన్ని తీసి పక్కన పడేసే మెకానిక్‌లు ఉన్నారు (చవక ప్యాడ్ల సెట్లలో కొన్నిటికి అసలు రాదు కూడా). షిమ్‌లు సరిగ్గా కూర్చోబెట్టి, కాలిపర్ జారే పిన్నులు శుభ్రం చేసి, వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పిన్నులకి, ప్యాడ్ వెనక రాస్తే చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. ప్యాడ్ ముఖానికి మాత్రం గ్రీజు చుక్క కూడా తగలకూడదు.

రాత్రి వానకి తడిసిన బండి పొద్దున్నే రెండు మూడు బ్రేకులకి కిర్రుమంటే పట్టించుకోకండి, డిస్క్ మీద పల్చటి తుప్పు, దానంతటదే పోతుంది. కొన్ని ప్యాడ్లకి మాత్రం అరిగిపోగానే డిస్క్‌కి తగిలి అరవాలనే ఒక చిన్న లోహపు నాలుక పెడతారు, ఆ అరుపు వస్తే ఆలస్యం చేయొద్దు.

ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం పూర్తిగా వేరే జబ్బు. ఇది చక్రం ఎంత వేగంగా తిరిగితే అంత వేగంగా వస్తుంది. "డిస్క్ వంగిపోయింది సార్" అంటారు గానీ చాలాసార్లు వంగదు, చుట్టూ మందం ఒకేలా లేకపోవడమే కారణం, పది ఇరవై మైక్రాన్ల తేడా చాలు, వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు. తిరుమల ఘాట్ దిగొచ్చి, కాలిపోతున్న బ్రేకుని కింద సిగ్నల్ దగ్గర గట్టిగా తొక్కిపట్టి ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఒకేచోట అంటుకుపోవచ్చు, దాంతో కూడా ఈ వణుకు మొదలవుతుంది. హబ్ (డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం) మీద తుప్పు గోకకుండా కొత్త డిస్క్ బిగించినా అంతే, కాస్త వంకరగా తిరిగి, బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టూ ఒకేచోట ప్యాడ్‌ని రాసుకుంటూ, కొన్ని వేల కిలోమీటర్లకి అక్కడ అరిగిపోతుంది. మందం సమం చేయడానికి డిస్క్‌ని లేత్ మీద పట్టించే ముందు డిస్క్ మీదే ఉండే మినిమం థిక్‌నెస్ అంకె చూడమనండి, దానికి దగ్గర్లో ఉంటే ఎడమ, కుడి చక్రాలు రెండిటికీ కొత్తవే వేయించుకోండి.