ముఠాకో ఊరు: కుళాయి పనుల్లో టీమును కదిలించిన నా అనుభవం

విజయనగరం జిల్లా గజపతినగరం వైపు ఇంటింటి కుళాయి పనికి నేను ఇన్‌ఛార్జిగా వెళ్లేసరికి పని ఆగలేదు, అలాగని సాగడమూ లేదు. మట్టి ముఠా ఒక ఊళ్లో కందకం తవ్వేసి ఇంకో ఊరికి పోయేది. పైపులు వారానికో పది రోజులకో వచ్చేవి. ఈలోపు వాన పడితే కందకం పూడిపోయేది. మళ్లీ తవ్వమంటే మేస్త్రీ, "ఓపాలి తవ్వేసినాం కదా బాబూ, రెండోపాలికి కూలెవులిస్తారు?" అనేవాడు. లోతు చాలలేదని ఫిట్టర్లు మట్టి ముఠాను తిట్టుకునేవారు. జాయింట్లు కారుతున్నాయని ప్లంబర్లు ఫిట్టర్లను తిట్టుకునేవారు. ఊరివాళ్లు మాత్రం ఎవరి మీదా పక్షపాతం లేకుండా అందరినీ కలిపి తిట్టేవారు.

మాది సబ్‌ కాంట్రాక్టు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్‌లో పల్లెల్లో ఇంటికో కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అన్నది లెక్క. ఆ లెక్క మా కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా ఈ రోజు ఎన్ని మీటర్లన్నదే. హెడ్డాఫీసుకు కావలసిందీ అదే. టీములో ఉత్సాహం లేదని వాళ్లకూ తెలుసు. అందుకే వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే సూర్యోదయం బొమ్మ మీద ఒక సూక్తి పెట్టేవారు. దాని కింద మా స్టోర్‌కీపర్ ఒక్కడే దండం బొమ్మ పెట్టేవాడు, అదీ సామాను కోసం పెట్టిన ఇండెంటు పాసవ్వాలని.

నేను మీటింగ్ పెట్టలేదు. మీటింగులో మేస్త్రీలు మాట్లాడరు, తలూపుతారు. పొద్దున టీ బడ్డీ దగ్గర ఒక్కొక్కరితో కూర్చున్నాను. కూలి తక్కువని మొత్తుకుంటారనుకున్నాను గానీ, ఎక్కువమంది బాధ ఎంత ఇస్తారని కాదు, ఎప్పుడిస్తారని. ఆదివారం ఇంట్లో మాంసం వండుకోవాలంటే శనివారం చేతిలో డబ్బుండాలి. మా బట్వాడా మాత్రం ఒక వారం సోమవారం, ఒక వారం బుధవారం, ఒక్కోసారి అసలే లేదు. "బిల్లు రాలేదు" అన్న మాట విని విని వాళ్లకు విసుగెత్తిపోయింది.

ఓనరుతో గట్టిగా మాట్లాడి రెండు ఒప్పించాను. ఒకటి, కూలీల డబ్బు బిల్లుతో ముడిపెట్టకుండా విడిగా నా చేతిలో ఉంచాలి. రెండు, ఏ వారమైనా పూర్తిగా ఇవ్వలేకపోతే ఆ సంగతి బుధవారమే చెప్పేస్తాను, శనివారం సాయంత్రం దాకా దాచను. ఓనరుకు రెండోదే ఎక్కువ కష్టమైంది. ముందే చెబితే పనికి రారని ఆయన భయం. ఒక వారం నిజంగానే సగమే ఇవ్వగలిగాం. బుధవారం చెప్పాను. కాసేపు గొణుక్కున్నారు, తర్వాత ఎవరి ఏర్పాటు వాళ్లు చేసుకున్నారు. పని మానేసినవాళ్లు లేరు.

దీంతో సణుగుడు తగ్గింది. వేగం మాత్రం పెరగలేదు! ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో రెండొందల మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో చెప్పింది దాదాపు ఇదే. జీతం, పై అధికారి తీరు, పనిచేసే వసతులు సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి వస్తుంది. అవి సరిచేస్తే అసంతృప్తి పోతుంది, అంతే. పని మీద ఇష్టం రావాలంటే ఆ పనిలోనే ఏదో ఉండాలి, చేసినదానికి గుర్తింపుండాలి. ఆ సిద్ధాంతాన్ని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అని చెప్పుకోవడం మనిషి నైజమే కదా అన్నది వాళ్ల వాదన. అదీ కొంత నిజమే. అయినా మా సైటులో కథ హెర్జ్‌బర్గ్ చెప్పినట్టే నడిచింది.

మరి మా పనిలో లేనిదేంటి? కందకం తవ్వినవాడు నీళ్లు రావడం చూడడు. పైపు అతికినవాడు ఏ ఇంటికి అతికాడో ఎరగడు. అందుకని ముఠాలను కలిపేశాను. మట్టి పనివాళ్లు, ఒక ఫిట్టరు, హెల్పరు, ప్లంబరు, వాళ్ల మీద ఒక సైట్ ఇంజనీరు. ఒక ముఠాకు ఒక ఊరు. ట్యాంకు దగ్గర వాల్వు నుంచి చివరి ఇంటి కుళాయి వరకు వాళ్లదే.

ఫిట్టర్లు ఒప్పుకోలేదు. మట్టివాళ్లతో కలిసి లెక్కేమిటని చిన్నతనం. దానికి తోడు పైపులు అతికే వెల్డింగ్ మిషన్ ఒక్కటే ఉంది, ఇన్ని ముఠాలకు ఎలా సరిపోతుందని ఓనరు. ఇది న్యాయమైన ప్రశ్నే. పెద్ద సైజు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు లైనుకే ఆ మిషన్ కావాలి. దాని నుంచి ఇళ్లలోకి వెళ్లే సన్న పైపుకు సాడిల్ (పెద్ద పైపు చుట్టూ పట్టే పట్టీ) బిగించి, బిగింపు ఫిట్టింగులతో చేతిపనిగా కానిచ్చేయొచ్చు. కాబట్టి మిషన్ వంతులవారీగా ఊళ్లు తిరిగేది, మిగతా రోజుల్లో ఇంటి కనెక్షన్లు నడిచేవి. ఫిట్టర్ల చిన్నతనం సంగతి నేను పట్టించుకోలేదు, అదే సర్దుకుంది.

ఎలా సర్దుకుందో ఒక్కటి చెబుతాను. హెచ్‌డీపీఈ అతుకు చూడటానికి తేలిక. రెండు కొసలూ చదును చేసి, రెండొందల డిగ్రీలు దాటిన ప్లేటుకు ఆనించి, కరిగాక ప్లేటు తీసేసి ఒకదానికొకటి నొక్కి పెట్టాలి. చుట్టూ నల్లటి అంచు రెండు వైపులా సమానంగా మడతపడి పైకి లేస్తే అతుకు బాగా పడినట్టు. చల్లారేదాకా క్లాంపు తీయకూడదు. తొందరపడేవాళ్లు అక్కడే తొందరపడతారు, ఆ జాయింటే టెస్టింగులో కారుతుంది. మా ఫిట్టరొకాయన తన ఊరు తనకొచ్చాక ప్రతి జాయింటు పక్కనా తెల్ల పెయింటుతో చిన్న గీత, పక్కన చుక్క పెట్టడం మొదలెట్టాడు. ఎందుకని అడిగితే, "రేపు కారితే నాదో కాదో తెలియాల కదండి" అన్నాడు. ఎవరూ చెప్పలేదు, రూలూ లేదు. కొన్నాళ్లకు మిగతావాళ్లూ తలో గుర్తు పెట్టుకున్నారు.

ఇంకో ఊళ్లో మెట్ట మీది వీధికి నీళ్లు సరిగా ఎక్కలేదు. పల్లంలో కుళాయిలన్నీ తెరిచి ఉంటే ప్రెషరంతా అక్కడే పోతుంది. పాత పద్ధతిలో అయితే ఆ వీధివాళ్లు సర్పంచికి చెబితే, ఆయన మాకు ఫోన్ చేస్తే గానీ తెలిసేది కాదు. ఈసారి ముఠావాళ్లే సాయంత్రం నా దగ్గరికొచ్చారు. మట్టి మేస్త్రీ నేల మీద పుల్లతో వీధులు గీసి, "ఇక్కడొక వాల్వు ఎట్టేస్తే, పొద్దున పైనోలికి, మాపటేల కిందోలికి ఒగ్గొచ్చు కదా" అన్నాడు. మట్టి తవ్వే మనిషికి వాల్వుతో పనేమిటి? ఊరు అతనిది కాబట్టి. పని చూసే ప్రభుత్వ ఇంజనీరు ఏఈ గారిని అడిగి అలాగే చేశాం.

సెలవుల విషయం త్వరగా చెప్పేస్తాను. హెడ్డాఫీసు బార్‌చార్టులో అక్టోబరు అంటే పని నెల. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను జాతర, ముందు రోజు సోమవారం తొలేళ్లు. ఆ రెండు రోజులూ ఎవరినైనా సైటులో ఉంచగలనని చెప్పే ఇన్‌ఛార్జి ఈ జిల్లా మనిషి కాడు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు, సంక్రాంతికీ అంతే. ఇవన్నీ ముందే చార్టులో రాసేసి, బదులుగా ముందు ఆదివారాలు పనిచేస్తారా అని అడిగాను. చేశారు. చెప్పకుండా మానేయడాలు బాగా తగ్గాయి.

మధ్యలో ఓనరుకు ఒక ఆలోచన వచ్చింది. కనెక్షన్‌కు ఇంత అని బోనసు. నేను వద్దన్నాను, ఆయన వినలేదు. కనెక్షన్ల లెక్క ఒక్కసారిగా ఎగబాకింది. టెస్టింగు పెట్టేసరికి సాడిళ్లు సరిగా బిగించలేదు, పైపు కింద ఇసుక పరవలేదు, రాళ్ల మీదే పెట్టి పూడ్చేశారు. తప్పు వాళ్లదని అనను. దేనికి డబ్బిస్తే అదే చేస్తారు. చివరికి బోనసును టెస్టు పాసైన లైనుకు, ముఠా మొత్తానికి కలిపి ఇచ్చేలా మార్పించాను. మొత్తం తగ్గింది, గొడవలూ తగ్గాయి.

డిప్లొమా చదివి వచ్చిన ఇద్దరు సైట్ ఇంజనీరు కుర్రాళ్లది వేరే లోకం. వాళ్లకు ఊరూ ముఠా కన్నా హైదరాబాద్ ముఖ్యం. ఇక్కడుండి ఏం నేర్చుకుంటున్నామన్నదే వాళ్ల టెన్షన్. ఎం-బుక్ (బిల్లు కోసం జరిగిన పని రాసే పుస్తకం) కొలతలు అంతకుముందు సీనియర్లే రాసి అందించేవారు. వాటిని వాళ్లిద్దరికీ అప్పగించి, ఏఈ గారితో పాటు లైను వెంట నడిపించాను. ఒకడు ఆరిపోయిన బల్బులా ఉండేవాడు, క్వాంటిటీల దగ్గర ఏఈ గారితో వాదించడం మొదలెట్టాడు. రెండోవాడు అదంతా బాగా నేర్చుకుని, మంచి జీతం వస్తే వెళ్లిపోయాడు. వెళ్లనీ.

నేను ఇంకా సరిచేయించలేనిది ఒకటుంది. మట్టి ముఠాల్లో ఆడవాళ్లకు కూలి తక్కువ. మట్టి మోసేది వాళ్లే. మస్టరులో (హాజరు పట్టీలో) "ఆడ కూలీలు" అని అంకె వేసి వదిలేసేవారు, నేను పేర్లు రాయించాను. కూలి పెంచడం మాత్రం మేస్త్రీలూ ఓనరూ కలిసి ఆపారు. ఈ విషయంలో వాళ్ల ఐకమత్యం చూడాలి!

ఊళ్లు ఒక్కొక్కటే అప్పగించాక బొబ్బిలి వైపు ఇంకో పని వచ్చింది. మెట్టవీధి మేస్త్రీకి ఫోన్ చేశాను. బట్వాడా సంగతి అడగలేదు. "ఊరు మొత్తం మాకే ఇస్తారా, ముక్కలుగా ఇస్తారా?" అన్నాడు. మొత్తమే అన్నాను. "అయితే మా ఆడోల కూలి సంగతి కూడా ఇప్పుడే తేల్చెయ్యండి" అన్నాడు. అంతకుముందు ఆపినవాళ్లలో ఇతనూ ఒకడు. ఇంట్లో ఏం జరిగిందో గానీ, ఆ షరతు ఓనరు ముందు పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.